తేనెటీగల సంఘధర్మము

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల మామిడి పూచు దినములలో, చెట్టుతొర్రలోని తేనెటీగ యొకటి మేత కనుగొనిన దానిని దాచుకొనదు. మరలివచ్చి, చీకటిలో నిలువుగా వ్రేలాడు పట్టుపై నాట్యమాడి తోడియీగలకు తెలుపును. పొట్ట నూపుచు తిన్నగా పైకి నడచిన, మేత సూర్యుని దిక్కున గలదని యర్థము. ప్రక్కకు ఒరిగిన, సూర్యునికి అంత ప్రక్కగా గలదు. ఎక్కువసేపు ఊపిన, దూర మెక్కువ. ఈ భాషను వివరించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ పండితుడు 1973లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకడు.

ఒక యీగ ఆయుష్షంతయు కూర్చు తేనె చిన్న చెంచాకైనను చాలదు. వేలకొలది యీగలు చేర్చినదే పూలు లేని కాలమున సంఘమంతటికి గ్రాసము. పట్టు పిండిన, అందలి గ్రుడ్లు, పిల్లలు నశించును. మన పెద్దలు మధుత్యాగము విధించుటకు హేతు విందున్నది.

లాభమార్గమును తోడివారికి చెప్పుట ఈగల నుండి నేర్వదగును. పరుల నిలువను ముట్టకుండుట మన వ్రతము.