తారు పూసే ముందు

కర్నూలు, కడప అంటే అందరికీ కరువే గుర్తొస్తుంది. మాకూ పడవల చరిత్ర ఉంది నాయనా. సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు–కడప) కాలవను 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది సేద్యానికే కాదు, సరుకు పడవలు తిప్పడానికి కూడా. కంపెనీకి లెక్క కుదరక, 1882లో దాన్ని సర్కారు కొనేసింది. ఆ పడవలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మా బతుకంతా శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో, పుట్టి మీదా నాటుపడవ మీదా. కొత్తగా వేటకు దిగే పిల్లలకు నాకు తెలిసింది చెబుతున్నాను.

1. బాగుచేతకు ఎండాకాలమే కాలం. నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లించు. బాగా ఆరనియ్యి. తడి వెదురు మీద తారు పూస్తే ఆ తడి లోపలే మగ్గి బద్దను తినేస్తుంది.

2. పైన కుట్టిన గోతాలు మార్చడం ఒక పూట పని. పుట్టి ప్రాణం లోపలి అల్లికలో ఉంటుంది. ఒక్కో బద్దనూ బొటనవేలితో నొక్కి చూడు. సన్నటి పొడి రాలితే పురుగు పట్టినట్టే, ఆ బద్ద తీసెయ్యాల్సిందే. దాని బదులు వేసే వెదురును ముందే కొన్ని వారాలు నీళ్లలో నానెయ్యి. వెదురులోని గంజి నీళ్లలో కలిసిపోతే పురుగుకు తిండి ఉండదు. మేదరోళ్లను అడుగు, ఇంకా వివరంగా చెబుతారు.

3. చెక్క పడవకు కుళ్లు ఎక్కడ మొదలవుతుందో తెలుసుకో. సంగమేశ్వరంలో వేపదారు లింగం ఏటా నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది, అయినా నిలిచింది. అది స్వామి మహిమ అంటారు, నేనూ దణ్ణం పెడతాను. పనివాడిగా ఇంకో మాట కూడా చెప్పాలి. పూర్తిగా మునిగిన కట్టెకు గాలి సరిగా అందదు, కుళ్లబెట్టే బూజు అక్కడ బతకలేదు. తడుస్తూ, ఆరుతూ ఉండే చోటే చెక్క మెత్తబడుతుంది. అందుకే పడవ అడుగు కంటే ముందు నీటి గీత వెంబడి ఉన్న పలకలను సూదిమొనతో పొడిచి చూడాలి. చాలామంది అడుగు చూసి, రంగు వేసి, పని అయిపోయిందనుకుంటారు.

4. మేకు తల మెరుస్తోందని నమ్మొద్దు. రెండు పలకలు కలిసే చోట, నడుములో తుప్పు పడుతుంది. అనుమానమున్న చోట ఒక్కటి పీకి చూస్తే మిగతావాటి సంగతి తెలిసిపోతుంది.

5. నైలాన్ తాడును నీళ్లకంటే మన ఎండే ఎక్కువ పాడుచేస్తుంది. పురి విప్పి చూడు. పోగులు గరుకెక్కి పొడిగా రాలుతుంటే లంగరుకు పనికిరాదు, గొర్రెను కట్టేసుకో.

6. కాగే తారులో నీటి చుక్క పడనీయకు. పొంగి మీద పడుతుంది. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

7. బాగుచేసిన పుట్టిలో మొదట మనుషుల్ని ఎక్కించకు. రాళ్లేసి, గట్టు పక్కనే ఒక పూట ఉంచి, ఊట చూడు. 2007 జనవరిలో నెహ్రూనగర్, మంచాలకట్ట నడుమ కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. వేటకు పనికొచ్చిన పుట్టి, ఊరిజనాన్ని దాటించడానికి కూడా పనికొస్తుందని అనుకోకండి.

8. అంచు కట్టు కుళ్లిపోతే ఇక బాగుచేత లేదు. అట్లాంటి పుట్టికి తారు పూసి కొత్తదని ఎవరికీ అమ్మకండి. విరగ్గొట్టి పొయ్యిలో పెట్టండి.