తనంతట తాను తిరిగిన పడవ



ఈ మాసపు పాఠమునకు ముందుగా సామెతలు 28వ అధ్యాయము 13వ వచనమును, 2 తిమోతి 2వ అధ్యాయము 5వ వచనమును ఇంటిల్లిపాది కూడి చదువుకొనుడి. మొదటి వచనము తప్పును దాచువానిని గూర్చియు, దానిని ఒప్పుకొని విడుచువానిని గూర్చియు చెప్పుచున్నది. రెండవది, పందెములో దిగినవాడు పందెపు నియమమును పాటింపనియెడల అతనికి బహుమానము లేదని చెప్పుచున్నది. ఈ రెండు మాటలును కలిసి కనబడు చోటు ఒకటి గలదు. అది చెరువుమీద జరుగు తెరచాప పడవల పందెము. దానినిగూర్చి కొంత చెప్పి, దానిలోనుండి మనకు కావలసిన పాఠమును తీసికొందము.

గోదావరి తీరమున నివసించువారికి తెరచాప క్రొత్తది కాదు. ధాన్యమును కలపను మోయు పడవలు గాలి కలిసివచ్చినప్పుడు తెరచాప ఎత్తి సాగిపోవుట మన పెద్దలు చూచినదే. పందెపు పడవలును మనకు దూరమైనవి కావు. కుతుబ్ షాహీ రాజుల కాలమున, 16వ శతాబ్దములో త్రవ్వించిన హుస్సేన్ సాగరముమీద, హైదరాబాదు సికింద్రాబాదుల నడుమ, నేటికిని అట్టి పందెములు జరుగుచున్నవి. అయితే ఇంగ్లాండు దేశములో ఇవి పెద్ద పట్టణములకే చెందినవి కావు. పల్లెల ప్రక్కనున్న చిన్న చెరువులమీదను, త్రాగునీటికై కట్టిన జలాశయములమీదను చిన్న క్లబ్బులున్నవి. అక్కడ వేసవిలో రాత్రి తొమ్మిది గంటలవరకు వెలుతురుండును. శనివారమును ఆదివారమును బడిపంతులు, వడ్రంగి, గుమాస్తా, తాతలు, మనుమలు అందరును పడవలు దింపుదురు. ఆదివారపు ఆరాధన మాని ఇట్టి ఆటలకు పొమ్మని మేము చెప్పుటలేదు. ఆ ఆటలోని ఒక్క నియమమును చూడుమని మాత్రమే చెప్పుచున్నాము.

పడవలు చిన్నవి. లేజర్ అని పేరుపడి, ఇప్పుడు ఇల్కా అని పిలువబడు పడవ 4 మీటర్ల 23 సెంటీమీటర్ల పొడవుండును. దానికి ఒకే తెరచాప, నడుపువాడు ఒక్కడే. పిల్లలకైతే ఆప్టిమిస్ట్ అను మరింత చిన్న పడవ గలదు. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అను పడవలు చేయువాడు 1947లో దానిని పిల్లలకొరకే రూపొందించెను. ఈ పడవలకు ఇంజనును లేదు, తెడ్డుతో నడుపుటయు లేదు. గాలి ఎటునుండి వచ్చుచున్నదో ఆ దిక్కునకు తిన్నగా ఏ తెరచాప పడవయు పోజాలదు. అందుచేత కొంత దూరము కుడికి, కొంత దూరము ఎడమకు వంకరగా సాగుచు గాలికి ఎదురుగా పైకి ప్రాకవలెను. గాలి మనిషి మాట వినదు. మనిషే గాలిని కనిపెట్టి తెరచాపను సరిచేసికొనవలెను. ప్రభువు నీకొదేముతో రాత్రివేళ గాలినిగూర్చి పలికిన మాట యోహాను 3వ అధ్యాయములో ఉన్నది. ఈ పడవలు నడుపువారు ఆ మాటను సులువుగా గ్రహింతురు.

పందెము ఆరంభమగుటకు అయిదు నిమిషముల ముందు ఒడ్డున జెండా ఎత్తి బూర ఊదుదురు. నాలుగు నిమిషములకు ఒకటి, ఒక్క నిమిషమునకు ఒకటి, చివరకు బయలుదేరు గుర్తు. తొందరపడి ముందుగానే గీత దాటిన పడవ వెనుకకు తిరిగివచ్చి మరల బయలుదేరవలెను. నీటిమీద అక్కడక్కడ తేలు గుర్తులు కట్టియుందురు. వాటిని చుట్టి రావలెను గాని తాకరాదు. ఎదురుపడు పడవలకును క్రమము గలదు. గాలి ఎడమప్రక్కనుండి తగులుచున్న పడవ, గాలి కుడిప్రక్కనుండి తగులుచున్న పడవకు దారి ఇయ్యవలెను. పది పడవలు ఒకే గుర్తును చుట్టబోవునప్పుడు కేకలు పుట్టును, తెరచాపలు చిక్కుపడును, ఒకటి మరియొకదానికి తగులును.

ఇప్పుడు వినుడి. ఇట్టి చిన్న క్లబ్బులలో సాధారణముగా నీటిమీద న్యాయాధిపతి ఎవడును ఉండడు. ఒడ్డుననున్న ఇద్దరు ముగ్గురు ఆ క్లబ్బు సభ్యులే, ఆ వారపు వంతు చేయుచున్నవారే. వారికి దూరమున జరిగినది కనబడదు. మరి తప్పు చేసినవానిని ఎవరు పట్టుదురు? నియమమేమనగా, తప్పు చేసినవాడు తనంతట తానే శిక్ష చేసికొనవలెను. మరియొక పడవకు దారి ఇయ్యక అడ్డుపడినయెడల, వెంటనే ఇతర పడవలకు దూరముగా తొలగి, తన పడవను ఒకే దిక్కుగా రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. తేలు గుర్తును తాకినయెడల ఒక చుట్టు. ఈలోగా తాను కష్టపడి దాటివచ్చిన పడవలు ఒకటి తరువాత ఒకటి దాటిపోవును. ఒడ్డుననున్నవారందరును చూచుచుందురు. ఆ తిరుగుటయే అతని ఒప్పుకోలు.

దీనిలోనుండి నాలుగు సంగతులను ధ్యానింతము.

మొదటిది: చూచువాడు లేనప్పుడు

తప్పు చేసినది ఆ ఇద్దరికే తెలియును; ఒక్కొక్కప్పుడు ఒక్కనికే తెలియును. తేలు గుర్తును తెరచాప కొస తాకినదో లేదో ఆ పడవలోనివానికి తప్ప వేరొకనికి తెలియదు. అయినను అతడు తిరుగును. ఎందుకనగా ఎవరికివారు నిజము చెప్పనియెడల ఆ ఆటయే నిలువదు. మన సంఘమును అట్టిదే గదా! పాదిరిగారు ప్రతి ఇంటను కాపలా ఉండరు. సంఘపెద్దలు ప్రతి పొలముగట్టునను నిలువరు. సరిహద్దు రాయి జరిపినది, కొలతలో తగ్గించినది, కూలి ఎగవేసినది చేసినవానికి తెలియును, దేవునికి తెలియును. దావీదు తన పాపమును దాచియుంచిన దినములలో తన యెముకలే క్షీణించినట్లుండెనని 32వ కీర్తనలో చెప్పుకొనెను. నాతాను వచ్చువరకు ఊరిలో ఎవరును అడుగలేదు. అయినను రాజునకు నెమ్మది లేకపోయెను.

రెండవది: వెంటనే తిరుగుట

పందెము ముగిసిన తరువాత తిరిగెదనని చెప్పుట చెల్లదు. తప్పు జరిగిన తరువాత సాధ్యమైనంత త్వరగా తొలగి తిరుగవలెను. ఆలస్యము చేసినకొలది మనస్సు సాకులు వెదకును: అతడే నాకు అడ్డము వచ్చెను, గాలి మారెను, అందరును ఇట్లే చేయుచున్నారు. మరియొకడు అభ్యంతరము తెలిపినయెడల పందెము తరువాత విచారణ జరుగును. అక్కడ తప్పు రుజువైనచో పడవకు అనర్హత కలుగును. ఈ పందెములలో తక్కువ లెక్క వచ్చినవాడే గెలిచినవాడు. మొదటివానికి 1, రెండవవానికి 2. పది పడవలున్న పోటీలో అనర్హుడైనవానికి సాధారణముగా 11 వేయుదురు, అనగా కడపటివానికంటె అధ్వాన్నము. వెంటనే రెండు చుట్లు తిరిగినవాడు ఆరవవాడుగానో ఏడవవాడుగానో చేరవచ్చును. దాచినవాడు ఉన్నదంతయు పోగొట్టుకొనును. బలిపీఠమునొద్ద అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో చెప్పినదియు ఈ త్వరనుగూర్చియే.

ఇక్కడ ఒక భేదమును మరువరాదు. పందెములో చుట్లు తిరిగినవాడు తన శిక్షను తానే తీర్చుకొనుచున్నాడు. మన పాపమునకు మనము ఎన్ని చుట్లు తిరిగినను తీరదు. ఉపవాసములు, కానుకలు, కన్నీళ్లు ఆ అప్పును తీర్పజాలవు. దానిని సిలువమీద క్రీస్తు తీర్చెను. అయినను ఆ కృపను పొందువాడు తిరుగక తప్పదు. తప్పిపోయిన కుమారుడు లేచి ఇంటివైపు తిరిగినది తండ్రి ప్రేమను కొనుటకు కాదు. ఆ ప్రేమ అతనికొరకు ముందే దారి చూచుచుండెను. కాని తిరుగనియెడల పందులయొద్దనే ఉండిపోయెడివాడు.

మూడవది: రెండు చుట్లు చాలని తప్పు

నియమములో మరియొక మాట గలదు. ఒకని తప్పువలన ఇతరునికి గాయముగాని, పడవకు పెద్ద నష్టముగాని కలిగినయెడల, లేక తప్పు చేసినవాడు చుట్లు తిరిగిన తరువాత కూడ దానివలన గొప్ప లాభము పొందినయెడల, రెండు చుట్లు చాలవు. అతడు పందెమునే విడిచి ఒడ్డునకు రావలెను. కొన్ని తప్పులకు నోటి మాట చాలదు. లూకా 19వ అధ్యాయములోని జక్కయ్య దీనిని గ్రహించెను. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు అతడు సిద్ధపడెను.

ఈ సంగతిని మేము పుస్తకములలోనుండి మాత్రమే చెప్పుటలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట కోతపండుగ వేలములో ఒక పేద సహోదరుడు మినుముల మూట పాడుకొని, తరువాత సంతలో 1,200 రూపాయలు మా చేతికిచ్చెను. లెక్కలో వ్రాయుదుమని జేబులో వేసికొంటిమి. ఇంటిలో అక్కర వచ్చి వాడుకొంటిమి. సంఘములో లెక్కలు చదివిన దినమున ఆ సహోదరుని పేరు బాకీదారులలో వినబడెను. ఆయన మావైపు ఒక్కసారి చూచి తల వంచుకొనెను. మేము నోరు మెదపలేదు. ఆ తరువాత రెండు నెలలు ఆయన ప్రభు రాత్రిభోజన సంస్కారమునకు రాలేదు. మేము మాత్రము ముందు వరుసలో నిలిచి పుచ్చుకొంటిమి. ఒక రాత్రి నిద్ర పట్టక ఆయన ఇంటికి పోయి కాళ్లమీద పడితిమి. ఆయన క్షమించెను. అయితే అది చాలదని ఆయన భార్యయే చెప్పెను: "అయ్యగారూ, మా పేరు నలుగురిలో చదివినారు. నలుగురిలోనే తుడవండి." తరువాతి ఆదివారము సంఘము ఎదుట నిలిచి జరిగినదంతయు చెప్పితిమి. సొమ్ము చెల్లించితిమి. లెక్కల పుస్తకమును మరియొకరి చేతికి అప్పగించితిమి. ఆ దినమున మా పరువు పోయెననుకొంటిమి. కాని ఆరాధన ముగియగానే ఆ సహోదరుడు వచ్చి మా చేయి పట్టుకొనెను. తరువాతి సంస్కారమునందు ఆయన ప్రక్కనే మోకరించితిమి.

నాలుగవది: ఇతరుల కొరకు తిరుగుట

తన తప్పుకొరకు తిరుగ నేర్చినవాడు ఇతరుల ఆపదకొరకును తిరుగగలడు. ఈ పందెముల నియమములలో మొట్టమొదటిదే, ఆపదలోనున్నవారికి సాధ్యమైన సహాయమంతయు చేయవలెననునది. 1988లో దక్షిణ కొరియాలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, పూసాన్ సముద్రముమీద పడవ పందెములు నడిచినవి. కెనడా దేశస్థుడైన లారెన్స్ లెమ్యూ అయిదవ పందెములో రెండవ స్థానమున సాగుచుండెను. గాలి ఉధృతమయ్యెను. వేరొక పోటీలోని సింగపూరువారి పడవ బోల్తాపడి, ఇద్దరు నీటిలో చిక్కుకొనియుండుట అతడు చూచెను. పందెమును విడిచి పడవ త్రిప్పి, వారిద్దరిని పైకి లాగి, సహాయపు పడవ వచ్చి వారిని ఎక్కించుకొనువరకు కనిపెట్టి, తరువాత పందెములోనికి మరల పోయెను. ఎందరో అతనిని దాటిపోయిరి. న్యాయనిర్ణేతలు ఆ పందెములో అతనికి రెండవ స్థానమునే ఇచ్చిరి. అయినను మొత్తము పోటీలో అతడు 11వ వాడాయెను. పోటీ పతకము రాలేదు. ఒలింపిక్ సంఘము అతని గుణమును మెచ్చి పియర్ దె కూబెర్తాఁ పేరిటి పతకమునిచ్చి గౌరవించెను. యెరికో దారిని గాయపడినవానిని చూచి ఆగిన సమరయుడు మనకు గుర్తుకు వచ్చుటలేదా? యాజకునికిని లేవీయునికిని చేరవలసిన ఊరు ముఖ్యమాయెను. సమరయునికి దారిలోని మనిషి ముఖ్యమాయెను.

ప్రియులారా, మనమందరము ఒక పరుగులో ఉన్నాము. మనము ముందున్నామా వెనుకనున్నామా అని ఊరు చూచును. మనము తిరుగవలసినచోట తిరిగితిమా అని ప్రభువు చూచును. చెరువుమీద ఒక ఆటకొరకు మనుష్యులు సిగ్గుపడక పడవ త్రిప్పుచుండగా, నిత్యజీవము కొరకు పిలువబడిన మనము సహోదరుని గడప ఎక్కుటకు సిగ్గుపడుట తగునా?

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎవరును చూడలేదని మనము విడిచిపెట్టిన తప్పు ఏదైన మన ఇంటిలోగాని సంఘములోగాని ఉన్నదా?

2. నోటి మాటతో తీరు తప్పునకును, నష్టము తిరిగి చెల్లింపవలసిన తప్పునకును భేదమేమి? జక్కయ్య కథనుండి చెప్పుడి.

3. తప్పు ఒప్పుకొనివచ్చినవానిని మన సంఘము ఏలాగు చేర్చుకొనుచున్నది? అతడు మరల తల యెత్తుకొని నడుచుటకు మనము తోడ్పడుచున్నామా?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మేము దాచినది నీవు ఎరుగుదువు. మా కొరకు శిక్ష భరించిన నీ కుమారుని చూచి, ఆలస్యము చేయక తిరుగు మనస్సు మాకు దయచేయుము. మావలన నష్టపోయినవారి గడపకు నడిపించుము. మునిగిపోవువారిని చూచినప్పుడు మా పందెమును విడిచి ఆగు ప్రేమను అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.