ఆటలమ్మ - టీకా - వైద్య విద్యార్థి

అల్వాల్, లోతుకుంట, బొల్లారం వైపు ఎండాకాలం వస్తుండగా ఏ గుమ్మానికైనా వేపమండలు కడితే, ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని ఇరుగుపొరుగుకు తెలిసిపోతుంది. పరాయివాళ్ళు లోపలికి రారు. క్రిమి మాట తెలియని రోజుల్లోనే మన పెద్దలు అంటును దూరం పెట్టే పద్ధతి ఒకటి ఏర్పరచుకున్నారు. దాన్ని చూసి నవ్వనక్కరలేదు. కాని వైద్యం, నర్సింగు చదివే మనం అక్కడే ఆగిపోతే ఎలా?

ముందుగా ఒక భ్రమ తొలగాలి. మశూచి వేరు, ఆటలమ్మ వేరు. 1975 తరవాత మన దేశంలో మశూచి లేదు. ప్రపంచమంతటా పోయిందని 1980లో ప్రకటించారు. పెద్దవాళ్ళ చేతి మీది టీకా మచ్చ మశూచిది. అది ఆటలమ్మను ఆపదు. ఆటలమ్మకు కారణం వారిసెల్లా జోస్టర్ వైరస్. జబ్బు తగ్గాక అదే నరాల్లో దాగి, ఏళ్ళ తరవాత సర్పిగా బయటపడవచ్చు.

వైరస్ ఒంట్లో చేరిన 10 నుంచి 21 రోజులకు పొక్కులు వస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. పొక్కు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటు మొదలై, అన్నీ పెచ్చు కట్టేదాకా ఉంటుంది. "కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది, అంతే" అని డ్యూటీకి వెళ్ళిన విద్యార్థి, ఆ రోజే గర్భిణికో, కేన్సర్ వార్డులోని పిల్లవాడికో దాన్ని అంటించి రావచ్చు. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తరవాత వరకు తల్లికి పొక్కులు లేస్తే పసికందు ప్రాణానికే ముప్పు.

"చిన్నపిల్లల జబ్బు, మనకేంటి?" అంటారు కొందరు. మనలాంటి ఉష్ణదేశాల్లో ఇది సోకకుండానే పెద్దయినవాళ్ళు చలిదేశాల్లోకంటె ఎక్కువ. పెద్దవయసులో వస్తే న్యుమోనియా భయమూ ఎక్కువే.

టీకాను జపాన్‌లో మిచియాకి తకహాషి 1974లో రూపొందించారు. మన వయసువారికి 2 మోతాదులు, 4 నుంచి 8 వారాల ఎడంతో వేస్తారు. ఇందులో ఉండేది బలం తగ్గించిన సజీవ వైరస్. కనుక గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి వేయరాదు. రోగి దగ్గర మెలగిన 3 రోజుల లోపల వేయించుకున్నా మేలే. ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు; కొని వేయించుకోవాలి.

రోగికి స్నానం మానిపించవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వవద్దు. పెద్దవాళ్ళయితే పొక్కులు లేచిన 24 గంటల్లోగా డాక్టరుకు చూపించాలి. ఏసైక్లోవిర్ మందు అప్పుడే బాగా పనిచేస్తుంది.

మిత్రులారా, వార్డులో అడుగుపెట్టకముందే ఇంట్లో అమ్మనడగండి, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని. ఆమెకు గుర్తులేకపోతే రక్తపరీక్ష ఉంది, టీకా ఉంది. కొత్తగా చేరేవారినందరినీ మన సంఘమే ఏటేటా ఈ ప్రశ్న అడిగి పట్టిక రాసి ఉంచితే, అంతకు మించిన సేవ ఉండదు.