చేప రెక్కల పని



కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన నడిగడ్డలో చేపను ఎరుగనివారు లేరు. మల్దకల్ పరిసరములలోని చెరువులు కుంటలు నిండగానే పిల్లలు గట్టుమీద చేరుదురు. చేప ఎట్లు ఈదుచున్నదని వారడిగినయెడల, రెక్కలను తెడ్లవలె వేయుచు పోవునని అనేకులు చెప్పుదురు. అది పూర్తిగా సరికాదు. ఒక్కొక్క రెక్కకు ఒక్కొక్క పని గలదు.

1. తోక. చేపను ముందుకు నడుపునది ముఖ్యముగా దాని ఒడలును తోకయును. చేప ఒడలు వంచగా ఆ వంపు తలవైపునుండి తోకవరకు అలవలె పోవును. తోక నీటిని వెనుకకు నెట్టగా, నీరు చేపను ముందుకు నెట్టును. రవ్వచేప తోక లోతుగా చీలియుండును. అది పారునీటిలో చాలదూరము ఈదుటకు అనుకూలము. కొర్రమట్ట తోక గుండ్రనిది. పొంచియుండి ఒక్కసారిగా దూకుటకు తగినది.

2. ఒంటి రెక్కలు. వీపుమీదను, కడుపు క్రింద తోకవైపునను ఉన్న రెక్కలు చేపను ప్రక్కకు పొర్లనీయవు. కృష్ణలో నడుచు పుట్టి గుండ్రముగా నున్నందున తెడ్డు సరిగా వేయనియెడల గిరగిర తిరుగును. చేప అట్లు తిరుగదు.

3. జంట రెక్కలు. మొప్పల వెనుక నొక జత, కడుపు క్రింద నొక జత యుండును. మొప్పల వెనుకనున్న వాటిలో ఒకదానిని చాపినయెడల చేప ఆ ప్రక్కకు మళ్లును. రెంటిని చాపినయెడల వేగము తగ్గి ఆగును. కడుపు క్రింది జత చేపను తలక్రిందులు కాకుండ నిలుపును.

కాబట్టి రెక్కలు పోవుటకు మాత్రమే గాక, నిలుచుటకును ఉపయోగపడుచున్నవి. కొర్రమట్ట వానకాలమున నాచు నడుమ చోటుచేసి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపైన తేలును. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుచుండగా, పెద్దచేప రెక్కలు మెల్లగా ఆడించుచు వాటి క్రిందనే కాపలా కాయును. పారిపోగల బలముండియు పారిపోదు. అందుచేతనే ఆ ఎర్రని గుంపును చూచి గాలము వేయువానికి సులభముగా చిక్కును. అది పోయినయెడల పిల్లలను కప్పలు, కొంగలు, ఇతర చేపలు తినివేయును.

రెక్కలు పొలుసులు గల చేపను తినవచ్చునని ధర్మశాస్త్రము సెలవిచ్చినది (లేవీ. 11:9). పిల్లలతోనున్న తల్లిపక్షిని పట్టక విడువవలెననియు అదే ధర్మశాస్త్రము చెప్పినది (ద్వితీ. 22:6-7). అది పక్షినిగూర్చిన మాటయే. అయినను దానిలోని బుద్ధి చెరువునకును తగును. చేపలు పట్టి జీవించు కుటుంబములు మన ప్రాంతమున గలవు. పట్టవద్దని మేము చెప్పుట లేదు. ఎర్రని పిల్లలు కనబడు ఆ కొన్ని వారములు మాత్రము కాపలాచేపను విడువుడని కోరుచున్నాము. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎన్నుకొనబడిన కొర్రమట్ట మన పిల్లల కాలమునను మన కుంటలలో నుండవలెను గదా.

ప్రశ్నలు:
1. చేపను ముందుకు నడుపునది ఏది?
2. చేప దేనివలన మళ్లును? దేనివలన ఆగును?
3. కాపలాచేపను పట్టినయెడల పిల్లలకు ఏమగును?