కరెంటు పైపులో ఇంటర్నెట్ కేబుల్ వద్దు

ప్రశ్న: తార్నాకలో మాది పాత ఇల్లు. పై వాటాను ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థులకు అద్దెకిచ్చాం. గోడ కొట్టక్కర్లేకుండా కరెంటు పైపులోంచే ఇంటర్నెట్ కేబుల్ లాగేస్తానంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: ఒప్పుకోకండి. నెట్ నెమ్మదించడం చిన్న సమస్యే, అసలు భయం షాక్. పాత పైపులో లాగేటప్పుడు ఒరుసుకుని కరెంటు వైరు తొడుగు చిట్లితే, 230 వోల్టులు డేటా కేబుల్‌లోకి, అక్కడి నుంచి రౌటర్‌కీ కంప్యూటర్‌కీ పాకే ప్రమాదముంది.

గోడ కొట్టే పనీ లేదు. గోడ మీదుగా పీవీసీ కేసింగ్ పట్టీ వేయించి, అందులో డేటా కేబుల్ ఒక్కదాన్నే పంపండి. కరెంటు లైను పక్కగా సాగే చోట ఓ అడుగు దూరం ఉంచండి. దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి. మోటారు, ఏసీలకు ఇంకా ఎడంగా పోనివ్వండి. కేబుల్ లోపలి ఎనిమిది తీగలు జంటలుగా మెలితిరిగి ఉంటాయి. బయటి అలజడిని తట్టుకునేది ఆ మెలికే. సాకెట్ దగ్గర దాన్ని అరంగుళానికి మించి విప్పనివ్వకండి.

క్యాంపస్‌లోనైనా మీ వీధిలోనైనా, భవనం నుంచి భవనానికైతే ఫైబరే మేలు. గాజు పోగులో కరెంటు పారదు. దాన్ని మోసే ఉక్కు తీగలో మాత్రం పారుతుంది. అందుకే కరెంటు స్తంభాల తీగలకు దాన్ని తగలనివ్వకూడదు.