మందు మెల్లిగా తొయ్యి

చిన్నమ్మా,

పెద్దవాళ్లకు మెలకువగా ఉంచి బ్లాక్ చెయ్యమని నేర్పి, పిల్లలకు మాత్రం మత్తిచ్చాక సూది గుచ్చమంటారేం మావయ్యా అని నిలదీశావు. సందేహం సబబే. కానీ రెండేళ్లవాడు మెలకువగా ఉంటే మాత్రం ‘కాలు జివ్వుమంటోంది డాక్టర్’ అని చెబుతాడా? గింజుకుంటాడు. ఆ గింజులాటలో సూది కదిలితే అసలుకే మోసం. 2015లో యూరప్, అమెరికా రీజినల్ అనస్థీషియా సంఘాలు కలిసి చేసిన సిఫారసుల్లోనూ పిల్లలకు మత్తులో బ్లాక్ చెయ్యడం తప్పు కాదనే తేల్చారు. ఆ దిగులు వదిలెయ్.

దిగులు పడాల్సింది ఇంకోటుంది. మందు రక్తంలోకి పోతే పెద్దవాడు నాలుక మొద్దుబారుతోందనో, చెవుల్లో హోరనో ముందే చెబుతాడు. నిద్రలో ఉన్న బిడ్డ తరఫున చెప్పేది మానిటరే. సిరంజి వెనక్కి లాగితే రక్తం రాలేదు కదా అని ధీమా పడకు. పసివాళ్ల సన్నటి సిరలు ఆ లాగుడుకే మూసుకుపోతాయి. రెండు లక్షల పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ కలిపిన మందు కిలోకి 0.1 మి.లీ. చొప్పున ఇచ్చి, చేతులు ఆపి, ఒక నిమిషం పైనే ఈసీజీ చూడు. మత్తువాయువు వల్ల గుండె వేగం ఒక్కోసారి పెరగకపోవచ్చు, టీ వేవ్ ఎత్తు మీద కన్నుంచు. మిగతాది కొంచెం తొయ్యి, ఆగు, లాగి చూడు, మళ్లీ తొయ్యి. నా దగ్గర నేర్చుకున్న పీజీలు వెనకాల నన్ను ‘నత్త సార్’ అనేవాళ్లు. అననీ!

కాడల్ బ్లాక్‌కి సేక్రల్ హయేటస్ ఎలా తడమాలో మీ మేడమ్ చూపించే ఉంటారు, అది రాయను. పొర దాటినట్టు తెలిశాక సూదిని ఇంకా లోపలికి నడపకు, అంతే. పుట్టిన బిడ్డలో వెన్నుసంచి మూడో సేక్రల్ పూస దాకా దిగి ఉంటుంది.

లెక్క దగ్గర మాత్రం నిన్ను మందలించాలి. ‘హెర్నియాకి కిలోకి ఒక మి.లీ.’ అని ఆర్మిటేజ్ సూత్రం గడగడా ఒప్పజెప్పావు. మి.గ్రా. ఎంతమ్మా? నువ్వు చెప్పిన ఎనిమిది కిలోల బాబుకి 0.25 శాతం బ్యుపివకైన్ 8 మి.లీ. అంటే 20 మి.గ్రా. కిలోకి 2.5 మి.గ్రా. దాటకూడదన్న హద్దూ సరిగ్గా అక్కడే ఉంది. చివర్లో సర్జన్ గారు కుట్ల దగ్గర కాస్త లోకల్ వేస్తానంటే వద్దని చెప్పు. కోపం వస్తే రానీ. కేసు మొదలవకముందే చెబితే ఆ కోపమూ ఉండదు. ఆరు నెలల లోపు పిల్లలకైతే హద్దు ఇంకా తగ్గించు: మందును పట్టి ఉంచే ప్రొటీన్ వాళ్ల రక్తంలో తక్కువ.

ఇంత చేసినా మందు రక్తంలోకి పోతే ఎక్కించాల్సిన ఇంట్రాలిపిడ్ ఎక్కడుందని ఫోన్లో అడిగితే ‘స్టోర్స్‌లో ఉందేమో’ అన్నావు. ఏమో ఏమిటి? రేపు మొదటి కేసుకు ముందే 20 శాతంది సీసా తెప్పించి ఓటీలో పెట్టించు. కిలోకి 1.5 మి.లీ. చొప్పున ఆ బాబుకి 12 మి.లీ. అవుతుంది. ప్లాస్టర్ ముక్క మీద ఆ అంకె రాసి మెషిన్‌కి అంటించు.

మీ మావయ్య