గుర్రపు బండ్ల సత్రం

రైలు రాకముందు ఇంగ్లండులో దూరం పోవడానికి గుర్రపు బండ్లు వాడేవారు. దారిలో సత్రాలు ఉండేవి. డబ్బిస్తే తిండి, పడక దొరికేవి.

లండన్‌లో జార్జి సత్రం అలాంటిదే. 1676లో కాలిపోయింది. 1677లో మళ్ళీ కట్టారు.

బండి వీధిలోంచి నేరుగా లోపలి వాకిట్లోకి వచ్చేది. వాకిలి చుట్టూ మేడలు. మేడమీద కొయ్య వసారాలు. వసారా వెంట గదులు. వెనక గుర్రాల సాలలు. అలసిన గుర్రాలను విప్పి, వేరే గుర్రాలను కట్టేవారు.

రైలు వచ్చింది. బండ్లు ఆగాయి. 1889లో రైలు కంపెనీ వారు సత్రాన్ని చాలావరకు కూల్చేశారు. ఒక్క పక్కే మిగిలింది. 1937లో రైల్వే వారే దాన్ని పాత కట్టడాలను కాపాడే సంస్థకు ఇచ్చారు. ఇప్పటికీ నిలిచి ఉంది.

కూల్చడం తేలిక. పోయింది తిరిగి రాదు.

మీ ఊళ్ళో పాత కట్టడం ఏముంది? నాలుగు మాటలు రాయండి.